షుగర్ తేలిన రోజే మాత్ర మొదలుపెట్టాలా? తిండికీ నడకకీ గడువెందుకు ఇవ్వరు?

గోదావరి_ప్రకృతి | రాజమండ్రి

అందరికీ నమస్కారం. నేను బీఎన్‌వైఎస్ (ప్రకృతి వైద్యం, యోగా డిగ్రీ) చదివి రాజమండ్రిలో ప్రకృతి వైద్యం చేస్తున్నాను. చాలాకాలంగా మనసులో ఉన్న మాట ఇక్కడ పెడుతున్నాను. డాక్టర్లు కూడా ఉన్నారు కాబట్టి వాళ్లూ మాట్లాడితే బాగుంటుంది.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చేతిలో మందుల చీటీతోనే వస్తారు. నలభై దాటి ఉంటాయి, పొట్ట ఉంటుంది, ఏదో చెకప్‌లో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) 7 పైన తేలి ఉంటుంది. చీటీలో రెండు మందులు కలిపిన షుగర్ మాత్ర, ఒక గ్యాస్ మాత్ర, ఒక కొలెస్ట్రాల్ మాత్ర, బలానికి ఇంకోటి. "తిండి గురించి ఏం చెప్పారండీ?" అని అడిగితే "అన్నం తగ్గించి నడవమన్నారు" అంటారు. ఎంత తగ్గించాలి, దాని బదులు ఏం తినాలి, రోజూ ఎంతసేపు నడవాలి, బరువు ఎక్కడికి దిగాలి, ఒక్కటీ ఉండదు. మాత్రల విషయం మాత్రం పక్కాగా రాసి ఉంటుంది: 500, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తిన్నాక.

అమెరికాలో 3,234 మంది మీద చేసిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ ఫలితాలు 2002లో వచ్చాయి. వాళ్లంతా షుగర్ అంచున ఉన్నవాళ్లు. ఒంటి బరువులో 7 శాతం తగ్గాలి, వారానికి 150 నిమిషాలు నడవాలి అని లక్ష్యం పెట్టి, మనుషుల్ని కేటాయించి వెంటపడి చేయించారు. షుగర్ వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఇచ్చినవాళ్లలో తగ్గింది 31 శాతమే. మన పక్కన చెన్నైలో అలాంటి అధ్యయనమే 531 మంది మీద చేసి 2006లో ప్రచురించారు. తిండి, నడకతో 28.5 శాతం, మెట్‌ఫార్మిన్‌తో 26.4 శాతం, రెండూ కలిపి ఇచ్చినా 28.2 శాతమే. మన జనంలో మాత్రకీ నడకకీ దాదాపు ఒకటే ఫలితం వచ్చినప్పుడు చీటీ నిండా మాత్రలే ఎందుకున్నాయి?

మందుల మీద నా అనుమానం ఊరికే రాలేదు. రోఫెకాక్సిబ్ అనే నొప్పి మాత్రను లక్షలమంది మింగాక, గుండెపోట్లు పెరుగుతున్నాయని 2004లో వెనక్కి తీసుకున్నారు. రోసిగ్లిటాజోన్ షుగర్ బాగానే దించేది. గుండెకు ముప్పు అన్న అనుమానంతో 2010లో మన దేశంలో ఆపేశారు. రిపోర్టులో అంకె దిగితే మనిషి బాగుపడ్డట్టే అనుకోవడం నాకు ఒప్పుదల కాదు.

డాక్టరమ్మ_హనుమకొండ | ఎండీ జనరల్ మెడిసిన్

నమస్తే అండి. మీ బాధ అర్థమైంది, చీటీల గురించి మీరు చెప్పింది నిజం కూడా. ఓపీలో ఒక్కో మనిషికి దొరికేది మూడు నాలుగు నిమిషాలు. అందులో తిండి గురించి ఒక వాక్యమే పడుతుంది.

కానీ మీరు చెప్పిన రెండు అధ్యయనాలూ షుగర్ ఇంకా రానివాళ్ల మీద చేసినవి. వచ్చినవాళ్ల సంగతి వేరే. బ్రిటన్‌లో యూకేపీడీఎస్ అనే పెద్ద షుగర్ అధ్యయనం 1998లో వచ్చింది. అందులో కొత్తగా షుగర్ తేలినవాళ్లకు మొదటి మూడు నెలలు తిండి మార్పులే చెప్పారు. మీరు అడుగుతున్న గడువు అక్కడ ఇచ్చారన్నమాట. ఆ తర్వాత తిండితోనే కొనసాగించినవాళ్లలో, తొమ్మిదేళ్లకు హెచ్‌బీఏ1సీ 7 లోపు నిలబెట్టుకున్నది 9 శాతం మంది. అదే అధ్యయనంలో బరువు ఎక్కువున్నవాళ్లకు మెట్‌ఫార్మిన్ ఇస్తే, మొత్తం మరణాలు 36 శాతం తగ్గాయి. అంటే అక్కడ అంకె ఒక్కటే కాదు, మనుషులు బతికారు. రోసిగ్లిటాజోన్‌నీ మెట్‌ఫార్మిన్‌నీ ఒకే గాటన కట్టకండి. ఏ మందో, ఎవరికో, ఎన్నేళ్ల చరిత్ర ఉన్నదో చూసి అనుమానించాలి.

గోదావరి_ప్రకృతి | రాజమండ్రి

డాక్టర్ గారూ, జవాబిచ్చినందుకు ధన్యవాదాలు. మెట్‌ఫార్మిన్ మీద నాకు పేచీ లేదు. చవక, పాతది, దాని గుణదోషాలు తెలిసినవి.

యూకేపీడీఎస్‌లో తిండి ఓడిపోయిందంటే నేను ఒప్పుకోను. అక్కడ ఇచ్చింది సలహా. మందుని పావు డోసు ఇచ్చి పని చేయలేదని ఎవరూ రాయరు కదా! తిండికి కూడా డోసు ఉంటుంది. పూర్తి డోసు ఇస్తే ఏమవుతుందో డైరెక్ట్ అనే బ్రిటిష్ అధ్యయనంలో 2017లో చూశాం. 306 మంది, షుగర్ వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లు, ఇన్సులిన్ వాడనివాళ్లు. వాళ్లలో సగం మందికి మూడు నుంచి ఐదు నెలలు రోజుకి 825 నుంచి 853 కేలరీలు మాత్రమే ఇచ్చారు. షుగర్ మాత్రలు మొదటి రోజే ఆపేశారు, నర్సులూ డైటీషియన్లూ దగ్గరుండి చూసుకున్నారు. ఏడాదికి 46 శాతం మంది మాత్ర లేకుండా హెచ్‌బీఏ1సీ 6.5 లోపుకి వచ్చారు. 15 కిలోలు, అంతకంటే ఎక్కువ తగ్గినవాళ్లలో అయితే 86 శాతం. కాలేయంలో, క్లోమంలో పేరుకున్న కొవ్వు కరిగితే ఇన్సులిన్ మళ్లీ పని చేయడం మొదలుపెడుతుంది. చాలా మాత్రలు ఆ కొవ్వుని దాదాపు అలాగే ఉంచి చక్కెరని దించుతాయి. నా అభ్యంతరం అక్కడే.

డాక్టరమ్మ_హనుమకొండ | ఎండీ జనరల్ మెడిసిన్

డైరెక్ట్ మంచి అధ్యయనం, కాదనను. రెండేళ్లకు ఆ 46 శాతం 36 అయ్యింది, అదీ చెప్పాలి. అందులో అందరి బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతో చెప్పే లెక్క) 27 పైనే. మా ఓపీకి వచ్చేవాళ్లలో బీఎంఐ 23, 24 ఉన్నవాళ్లు కూడా ఉంటారు. సన్నటి చేతులు, సన్నటి కాళ్లు, చిన్న బొజ్జ. వాళ్లని 15 కిలోలు తగ్గమంటే మనిషి మిగలడు.

గోదావరి_ప్రకృతి | రాజమండ్రి

వాళ్లకి 15 కిలోలు అక్కర్లేదు. అదే బృందం తక్కువ బరువున్న 20 మందితో చిన్న అధ్యయనం చేసి 2023లో ప్రచురించింది. బీఎంఐ 27 లోపువాళ్లే. విడతలవారీగా ఐదేసి శాతం తగ్గిస్తూ పోతే 14 మందికి మాత్రలు లేకుండా షుగర్ అదుపులోకి వచ్చింది. చిన్న అధ్యయనమే, దాన్ని పట్టుకుని గంతులు వేయను. కానీ సన్నగా ఉన్నవాళ్లకి తిండి మార్పు పనికిరాదన్న మాట అయితే నిలబడదు.

శ్రీవల్లి_కాకినాడ

పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే మధ్యలో వస్తున్నాను, ఏమీ అనుకోవద్దు. మా అమ్మ విషయం చెప్పాలి.

అమ్మకి పన్నెండేళ్లుగా షుగర్. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర వాడుతుంది. కిందటేడు ఓ శిబిరానికి వెళ్లి వచ్చి, అక్కడ చెప్పినట్టు సాయంత్రం ఆరు తర్వాత ఏమీ తినడం మానేసింది. రాత్రికి రెండు జామకాయ ముక్కలు, ఓ గ్లాసు మజ్జిగ. మాత్ర మాత్రం ఎప్పటిలాగే వేసుకుంటోంది. దాని గురించి అక్కడ ఎవరూ ఏమీ చెప్పలేదు. ఓ తెల్లవారుజామున మూలుగు వినిపించి లేచి చూస్తే జాకెట్టంతా చెమటకి తడిసిపోయి ఉంది. పిలిస్తే చూస్తోంది గానీ మాట రావట్లేదు, నాలుక మడత పడుతోంది. పక్షవాతం అనుకుని నాన్న కారు తాళాలు వెతుకుతున్నారు. తమ్ముడు గ్లూకోమీటరు పెడితే 41. చెంచాతో పంచదార నీళ్లు కొంచెం కొంచెంగా పట్టించాం. పావుగంటకి "ఏమైందే నాకు" అంది.

తిండి మార్పు మంచిదే అండి, అమ్మ బరువు నిజంగానే తగ్గింది. కానీ మాత్ర వేసుకునేవాళ్లకి ఈ సంగతి ముందే చెప్పాల్సిన బాధ్యత ఎవరిది?

గోదావరి_ప్రకృతి | రాజమండ్రి

అమ్మా శ్రీవల్లీ, తిండి మార్చమని చెప్పినవాళ్లదే ఆ బాధ్యత. నూటికి నూరుపాళ్లు. మీరు రాసింది ఈ వృత్తిలో ఉన్న ప్రతివాళ్లూ చదవాలి.

గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెంక్లమైడ్ లాంటివి మనం తిన్నా తినకపోయినా క్లోమం చేత ఇన్సులిన్ వదిలిస్తూనే ఉంటాయి. భోజనం సగం చేసి మాత్ర మొత్తం వేసుకుంటే షుగర్ పడిపోక ఏమవుతుంది? ఇన్సులిన్ వేసుకునేవాళ్లకీ ఇదే ప్రమాదం. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే అంత భయం లేదు. డపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలది ఇంకో సంగతి. వాటి మీద ఉండి ఉపవాసాలు చేస్తే, షుగర్ అంకె మామూలుగానే కనిపిస్తూ రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. వాంతులు, ఆయాసం, కడుపునొప్పి వస్తే ఇంట్లో కూర్చోకూడదు.

నేను తిండి మొదలుపెట్టే ముందు మందుల స్ట్రిప్పులన్నీ బల్ల మీద పెట్టిస్తాను. గ్లిమెపిరైడ్ గానీ ఇన్సులిన్ గానీ ఉంటే, రాసిన డాక్టరుతో మాట్లాడి డోసు తగ్గించాకే మొదలు. మందు తీయడం కూడా వైద్యమే, దానికీ చదువు కావాలి.

షుగర్ 70 లోపు పడితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకి మళ్లీ చూడాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో ఏదీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి.

టైప్1_అమ్మ | విశాఖ

మా బాబుకి తొమ్మిదేళ్లు. ఆరో ఏట టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారే కాని రకం షుగర్) అని తేలింది. మా అపార్ట్‌మెంట్‌లో కనీసం నలుగురు నాకు చెప్పారు, ఇన్సులిన్ ఆపి కాకరకాయ రసం పట్టించమని. ఈ చర్చ చదివి ఎవరైనా మా బాబు లాంటివాళ్లకి ఇన్సులిన్ ఆపితే? గోదావరి గారూ, దయచేసి ఈ ఒక్క మాటా స్పష్టంగా చెప్పండి.

గోదావరి_ప్రకృతి | రాజమండ్రి

చెప్తానమ్మా. టైప్ 1 ఉన్నవాళ్లకి ఇన్సులిన్ ప్రాణం. దానికి తిండి, ఆకు, ఆసనం ఏదీ బదులు కాదు. ఇన్సులిన్ లేని రోజుల్లో అమెరికాలో ఫ్రెడరిక్ ఆలెన్ అనే వైద్యుడు ఆ పిల్లల్ని దాదాపు పస్తులు ఉంచి నెలలు, మహా అయితే ఒకటి రెండేళ్లు నిలబెట్టేవాడు. తిండితో చేయగలిగింది అంతే. 1922 జనవరిలో టొరంటోలో లియోనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల పిల్లాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. ఆ పిల్లాడు ఇంకో పదమూడేళ్లు బతికాడు. ఇన్సులిన్ ఆపించే ప్రకృతి వైద్యుడు ఎవరైనా ఎదురైతే బాబుని తీసుకుని లేచి వచ్చేయండి.

మూలిక_మిత్ర

మీరు కూడా చివరికి ఇంగ్లీషు మందుల పక్షమేనా సార్? తిప్పతీగ, నేరేడు గింజల పొడి, మెంతులు, మా తాతలు వీటితోనే బతికారు. కంపెనీలు మనల్ని జీవితాంతం కస్టమర్లుగా చేసుకోవడానికే ఇదంతా.

గోదావరి_ప్రకృతి | రాజమండ్రి

మిత్రమా, కంపెనీల లాభాపేక్ష నాకూ కనిపిస్తుంది. కానీ మాత్రని అడిగిన ప్రశ్నే పొడినీ అడగాలి. ఇందులో ఏముంది, ఎంత మోతాదు, ఎవరికి పడదు? మెట్‌ఫార్మిన్ మూలాలు కూడా గలీగా అనే మొక్కలోనే ఉన్నాయి. ఆ మొక్క తిని పశువులు చనిపోయేవి. విషం ఎక్కడిదో, గుణం ఎక్కడిదో తేల్చాకే 1957లో ఫ్రాన్స్‌లో జాన్ స్టెర్న్ దాన్ని మనుషులకి మందుగా వాడి ప్రచురించాడు. తిప్పతీగ ఎక్కువగా వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబై వైద్యులు రాశారు. ఆయుష్ శాఖ దాన్ని ఖండించింది, ఆ వాదం నడుస్తూనే ఉంది. వారంలో షుగర్ దించేసే పేరులేని పొడుల్లో గ్లిబెంక్లమైడ్ లాంటి మాత్రలే నూరి కలిపిన ఉదంతాలు చాలా దేశాల్లో పట్టుబడ్డాయి. లేబుల్ లేని పొడి నేను ఎవరికీ ఇవ్వను.

సర్వోదయ_భీమవరం | రిటైర్డ్ టీచర్

ఈ చర్చలో గాంధీగారిని తలచుకోకుండా ఎలా? 1946లో ఉరుళీ కాంచన్‌లో ప్రకృతి చికిత్సాలయం పెట్టించిన మనిషి. ఆయనకే 1924 జనవరిలో అపెండిసైటిస్ వస్తే పుణెలో సాసూన్ ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకున్నారు. పట్టుదల ఉన్న ప్రకృతివాది కూడా కత్తి అవసరమైన చోట కత్తికి ఒప్పుకున్నారు.

మెడికల్_షాపు_తెనాలి | ఫార్మసిస్టు

కౌంటరు ఇవతల నుంచి నేను రోజూ చూసేది చెప్తాను. కత్తిరించిన స్ట్రిప్పు ముక్క తెచ్చి "ఇవే ఓ ముప్పై ఇవ్వండి" అంటారు. వెనక రేకు మీద పేరులో సగం చిరిగిపోయి ఉంటుంది. చీటీ ఎప్పటిదంటే మూడేళ్ల కిందటిది. ఈ మధ్య పరీక్ష చేయించారా అంటే లేదు. ఆ మధ్య ఒక పెద్దాయన రెండు వేరే బ్రాండ్లు తెచ్చారు. ఒకటి ఊళ్లో డాక్టరు రాసింది, ఇంకోటి గుంటూరులో రాసింది. రెండింటిలోనూ గ్లిమెపిరైడే. ఆయన రెండూ వేసుకుంటున్నారు. పేరు కింద చిన్న అక్షరాల్లో మందు అసలు పేరు ఉంటుంది, దాన్ని చదివించుకోండి. అదే మందు జనఔషధిలో బాగా చవకగా దొరుకుతుంది.

ఇంకో మాట. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గవచ్చు. కాళ్లు తిమ్మిర్లంటే షుగర్ వల్లే అనుకుని వదిలేస్తున్నారు. ఓసారి బీ12 చూపించుకోమని చెప్పండి.

వెంకట్_డాలస్

ఇక్కడ అమెరికాలో మా ఆఫీసులో సగం మంది బరువు తగ్గే ఇంజెక్షన్ల గురించే మాట్లాడుతున్నారు. ఇండియాలో కూడా 2025 మార్చిలో మౌంజారో వచ్చేసింది. మరి తిండి తిప్పలు ఎందుకు అంటున్నారు మా బంధువులు.

డాక్టరమ్మ_హనుమకొండ | ఎండీ జనరల్ మెడిసిన్

మంచి మందులే, అవసరమైనవాళ్లకి నేనూ రాస్తాను. కానీ అదే కోవలోని సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ ఆపేశాక ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. ఆకలి చచ్చిపోయి, పప్పు, గుడ్డు కూడా మానేస్తే కండ కరిగిపోతుంది. ఇంజెక్షన్ మీద ఉన్నవాళ్లకి తిండి సలహా ఇంకా ఎక్కువ కావాలి.

పద్మజ_నెల్లూరు

అధ్యయనాలు సరేనండి. మా ఇంట్లో షుగర్ వచ్చాక కొర్రలు, అండుకొర్రలు మొదలుపెట్టాం, పొద్దున రాగిజావ. అయినా తిన్నాక 220 ఉంటోంది. మిల్లెట్స్ తింటే తగ్గాలి కదా?

గోదావరి_ప్రకృతి | రాజమండ్రి

పద్మజ గారూ, ఎక్కువమంది తడబడేది ఇక్కడే. కొర్రలైనా పిండిపదార్థమే. అన్నం ఎంత వడ్డించుకునేవారో కొర్రలూ అంతే వడ్డించుకుంటే షుగర్ తగ్గమంటే ఎలా తగ్గుతుంది? పీచు ఎక్కువ కాబట్టి కొంచెం నెమ్మదిగా ఎక్కుతుంది, అంతవరకే. రాగిజావ అయితే మెత్తటి పిండిని ఉడకబెట్టి తాగేయడం. నమలే పని లేదు, గబగబా రక్తంలోకి వెళ్తుంది. రాగులు కావాలంటే రొట్టె చేసి, పక్కన గుడ్డో పప్పో పెట్టుకోండి.

మన భోజనంలో అసలు లోటు మాంసకృత్తులు. కుంచెడు అన్నం, నీళ్ల చారు, చివర్లో పెరుగన్నం. పప్పు అంటే పలచటి పప్పుచారే. నేను చెప్పే పద్ధతి ఇది. వంటింట్లో ఒక కప్పు ఖాయం చేసుకోండి, వండిన అన్నమో కొర్రలో పూటకి ఆ ఒక్క కప్పే, రెండోసారి వడ్డన లేదు. దాని కంటే ముందు కూర. బీరకాయ, దొండకాయ, గోంగూర, తోటకూర, ఏదైనా అన్నానికి రెట్టింపు. ముద్దపప్పు లేదా చేపో గుడ్లో పనీరో తప్పనిసరి. పెసరట్టు మంచిదే, లోపల ఉప్మా పెట్టకుండా. సాయంత్రం బజ్జీల బదులు ఉడికించిన సెనగలు. తిన్న వెంటనే మంచం ఎక్కకుండా పది పదిహేను నిమిషాలు నడవండి, వరండాలోనైనా సరే. కండరం ఆ చక్కెరని లాగేసుకుంటుంది. తిన్న రెండు గంటలకి గ్లూకోమీటరుతో చూసి పుస్తకంలో రాసుకోండి. ఏ వంటకి ఎంత పెరిగిందో మీ ఒళ్లే చెప్తుంది.

నడుం కొలత టేపుతో చూడండి. మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు.

నరేష్_కరీంనగర్

బీపీ సంగతి కూడా చెప్పండి సార్. మా బాపుకు 184/112 ఉన్నది. ఉప్పు బంద్ పెడితే సరిపోతదా?

గోదావరి_ప్రకృతి | రాజమండ్రి

సరిపోదు తమ్ముడూ. ఆ అంకెకి ఈరోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు, మాత్ర పడాల్సిందే. తలనొప్పి, ఛాతీ నొప్పి, చూపు మసకబారడం ఉంటే నేరుగా ఎమర్జెన్సీకి. ఉప్పు తగ్గించడం దానితో పాటు చేయాలి. రోజుకి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు ఉన్న ఇంట్లో అది పొద్దున్నే దాటిపోతుంది. నొప్పి మాత్రలు రోజూ వేసుకుంటారేమో కూడా అడుగు, వాటి వల్ల కూడా బీపీ పెరుగుతుంది, కిడ్నీలు పాడవుతాయి.

స్టెంట్ పడినవాళ్లు, గుండెపోటు వచ్చినవాళ్లు కొలెస్ట్రాల్ మాత్ర నా మాట విని ఆపకండి. 4,444 మంది గుండె రోగుల మీద చేసిన స్కాండినేవియా అధ్యయనంలో సిమ్‌వాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్ర మరణాలని 30 శాతం తగ్గించిందని 1994లోనే తేలింది. నేను ప్రశ్నించేది ఏ జబ్బూ లేని ముప్పై ఐదేళ్లవాళ్లకి ఒక్క రిపోర్టు చూసి రాసేసే మాత్ర గురించి.

లావణ్య_మియాపూర్

మా ఆయనకి 38. ఐటీ ఉద్యోగం, నైట్ షిఫ్టులు. పోయిన వారం హెచ్‌బీఏ1సీ 7.1, బీఎంఐ 29. మెట్‌ఫార్మిన్ 500 రాశారు. ఇంట్లో టెన్షన్‌గా ఉంది. అత్తయ్యగారు మాత్ర అలవాటు చేయొద్దంటున్నారు. మొదలుపెట్టాలా వద్దా?

గోదావరి_ప్రకృతి | రాజమండ్రి

మొదలుపెట్టండి లావణ్య గారూ. అత్తయ్యగారికి చెప్పండి, ఆ మాత్ర అలవాటుగా మారే రకం కాదు, బరువు దిగి అంకెలు నిలిస్తే డాక్టరే తీసేస్తారు. మీ ఆయన లాంటివాళ్లకే ఆ అవకాశం ఎక్కువ. జబ్బు కొత్తది, వయసు చిన్నది, తగ్గించడానికి బరువుంది. ముందు పది శాతం తగ్గడం లక్ష్యంగా పెట్టుకోండి. నైట్ షిఫ్టులో బిర్యానీ, కూల్‌డ్రింకులు పూర్తిగా బంద్. రాత్రి ఆఫీసుకి ఇంటి డబ్బా పంపండి. నిద్ర తక్కువైతే ఎంత కడుపు కట్టుకున్నా షుగర్ మొండికేస్తుంది. షిఫ్టు మార్చమని అడగగలిగితే అడగాలి. మూడు నెలలకి హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించండి. తీయాలా, ఉంచాలా అన్నది ఆ రిపోర్టు పట్టుకుని రాసిన డాక్టరుతోనే మాట్లాడండి.

డాక్టరమ్మ_హనుమకొండ | ఎండీ జనరల్ మెడిసిన్

నేనూ ఇదే చెప్తాను. ఒకటి కలుపుతున్నాను లావణ్య గారూ. టైప్ 2 (మీ ఆయనకి వచ్చిన, పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించే రకం) తేలేసరికే అది లోపల కొన్నేళ్లుగా ఉండి ఉండొచ్చు. కాబట్టి ఇప్పుడే కంటి రెటీనా పరీక్ష, కిడ్నీల కోసం మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ చేయించండి, పాదాలు కూడా చూపించండి. మాత్ర తీసేసిన తర్వాత కూడా ఇవి ఏడాదికోసారి చేయించుకుంటూ ఉండాలి.

లావణ్య_మియాపూర్

సరే మేడమ్. సోమవారం ఉదయం పరగడుపున వెళ్తున్నాం. కంటి పరీక్షకి చుక్కలు వేస్తారట కదా, తనని బండి నడపనివ్వను, నేనే తీసుకెళ్తాను.